పాత దూది

విల్లు భుజానేసుకొని మా అవ్వ లాలమ్మ వీధిలోకి వస్తే
తంబూర మనిషనుకొని పిలకాయలు వెంటపడేవాళ్ళు.
నరం మీద గూటం పడితే లేచేది పాట కాదు,
దుమ్ము.

తాత నలభయ్యో దినం కాగానే
గోడకున్న విల్లు దించింది.
అది మొగోళ్ళ పని అన్నారు చుట్టాలు.
"మొగోళ్ళ పనే. మొగోడు పోయినాడు గదా" అనింది.
ఇంకేమీ అనలేదు.
ఆమెకు రెండో మాట ఖర్చు.

ఆదోని యార్డులో కొత్త పత్తి గుట్టలు గుట్టలు.
మా వంతుకొచ్చేది ఎప్పుడూ పాతదే,
ఎవరెవరి నిద్రల కిందో నలిగి గడ్డకట్టిన దూది.
కుట్లు విప్పితే ఏమేమో రాలేవి:
తలపిన్నులు, మింగకుండా దాచిన మాత్రలు,
పసిబిడ్డల మరకలు, ముసలాళ్ళవి కూడా,
ఒకసారి
చించి మళ్ళీ అతికించిన పెండ్లి ఫొటో.
అవ్వ చూసేది, చూడనట్టు పక్కన పెట్టేది.
ఎవరిదవ్వా అంటే
ముక్కుకు కట్టిన గుడ్డ కిందికి లాగి
"పరుపు ఇప్పినోళ్ళు నోరు ఇప్పగూడదురా."
గుడ్డ మళ్ళీ పైకి.

నాకు తొమ్మిదేండ్లు.
తాలూకాఫీసు గుమాస్తా భార్య సుశీలాబాయి మిద్దె మీద
పట్ట పరిచి రెండు పరుపులు విప్పినాము.
రెండోదాంట్లో పచ్చ రవికగుడ్డ మూట,
లోపల అయిదు యాభై నోట్లు.
"పట్టుకో" అని నా చేతికిచ్చి
అవ్వ నీళ్ళు తాగను కిందికి పోయింది.

యాభై రూపాయల్లో అప్పుడు ప్రపంచమంతా పట్టేది.
ఉగ్గాని పట్టేది, పక్కన రెండు బజ్జీలు పట్టేవి,
అద్దె సైకిలు పట్టేది, మాట్నీ పట్టేది.
ఒకటి నిక్కరు జేబులోకి పోయింది.
పోయింది అంటున్నాను, ఇప్పటికీ,
నేను తీసినాను అనడం రాక.

మధ్యాహ్నం అవ్వ కూలి ముందే అడిగింది.
ఎన్నడూ అట్లా అడగని మనిషి.
పొద్దు వాలినాక పరుపులు కుట్టి, దులిపి,
పచ్చ మూట సుశీలాబాయి చేతిలో పెట్టింది.
"అయిదున్నాయి. లెక్కబెట్టుకో తల్లీ."
ఆయమ్మ లెక్కబెట్టింది.
అయిదు.
నా జేబులో ఆరోది మండుతా ఉంది.

ఇంటికొచ్చేదాకా తిడుతుందని చూసినా.
ఆ రాత్రి రొట్టెలోకి ఉల్లిగడ్డ, ఉప్పుకారం.
తన రొట్టెలో సగం తుంచి నా తట్టలో వేసింది,
రోజూ వేసినట్టే.
అదే నాకు గొంతు దిగలేదు.
తెల్లవారుజామున ఆమె లేచినాక
తలదిండు మూల కుట్టు వేలితో వదులు చేసి
నోటు లోపలికి దోపినా.

అవ్వ పోయి మూడు నెలలు.
ఆ తిట్టు కోసం ఇరవై ఆరేండ్లు కాచుకున్నా, రాలేదు.

నేనిప్పుడు కర్నూల్లో ఫోమ్ పరుపులు అమ్ముతా.
ఏసీ షోరూము, పదేండ్ల గ్యారంటీ.
"లోపల ఏముంటుందండీ?" అని అడుగుతారు.
"ఏమీ ఉండదు సార్" అంటా,
అది మంచి గుణం అన్నట్టు.

నిన్న ఆమె దిండు విప్పినాను.
నేను ఉండచుట్టి దోపిన నోటు
మడత నలగకుండా ఉంది,
ఆమె పాత చీరకొంగు ముక్కలో,
చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు.
ఏటా ఎండాకాలం ఆ దిండు ఏకేది.
అంటే ఏటా చేతికి తగిలేది.
ఏటా మళ్ళీ కుట్టేది.
కిరసనాయిలుకు లేని నెలలో కూడా.

ఇది ఎవరి డబ్బో తెలియడం లేదు.
సుశీలాబాయిది కాదు, ఆయమ్మకు అయిదూ ముట్టినాయి.
అవ్వ ఏమో ఒక్కనాడూ తనదనుకోలేదు.
నాది మాత్రం కాదు.

దూది ఏకడం నాకు రాదు, చేతనైనంత విదిలించినా.
నోటు నడిమధ్యన పెట్టినా.
దబ్బళం వెతుకుతా ఉన్నా.